పడవలో కాపురం, మంచం కింద షాట్‌గన్: బ్రిటన్‌లో దాన్ని ఎక్కడ దాచాలి, ఎలా అమ్మాలి?

ఈ రోజు టాపిక్ చూసి "ఇది మనకెందుకు బ్రో" అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. నేనూ అదే అనుకున్నా. కానీ ఇంగ్లాండ్ నుంచి ఒక సబ్‌స్క్రైబర్ పెట్టిన మెయిల్ చదివాక రెండు వీకెండ్‌లు దీని మీదే కూర్చున్నా.

మనవాడే, భీమవరం వైపు. లండన్‌లో ఐటీ జాబ్. అద్దెలు కట్టలేక ఒక నారోబోట్ కొనుక్కుని కాలువ మీదే ఉంటున్నాడు. నారోబోట్ అంటే ఏడడుగుల వెడల్పు కూడా లేని పొడవాటి ఇనుప పడవ. మన గోదావరి మీద టూరిస్టులు ఒక రాత్రి గడిపే హౌస్‌బోట్ టైపు కాదు. వంట, పడక, ఆఫీస్ కాల్స్ అన్నీ అందులోనే. అంతకుముందు వేరే ఊళ్లో ఫ్లాట్‌లో ఉన్నప్పుడు క్లే షూటింగ్ నేర్చుకున్నాడు. గాల్లోకి విసిరే చిన్న మట్టి పళ్లేల్ని కాల్చే ఆట అది. సర్టిఫికెట్ తీసుకున్నాడు, ఒక డబుల్ బ్యారెల్ షాట్‌గన్ కొన్నాడు. అంతవరకు అంతా చట్టప్రకారమే.

తర్వాత పడవకి మారాడు. గన్‌ని బ్యాగ్‌లో పెట్టి తెచ్చి మంచం కిందకి తోసేశాడు. అడ్రస్ మారిందని పోలీసులకి చెప్పలేదు. ఇప్పుడు దాన్ని అమ్మేయాలి. మెయిల్‌లో అడిగింది ఇదీ: "అన్నా, వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన కొంటా, కొరియర్ చేసెయ్ అంటున్నాడు. చేసేయనా? లేకపోతే స్లౌలో మా కజిన్ ఇంట్లో పెట్టేసి, అడ్రస్ కూడా వాళ్లదే ఇచ్చేయనా?"

రెండూ వద్దు తమ్ముడూ అని అదే రోజు రిప్లై ఇచ్చాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను. నేను లాయర్ని కాదు, కోడ్ రాసుకుని బతికినవాణ్ణి. కానీ అక్కడి చట్టం, దాని కింద రూల్స్ చదివితే ఈ విషయంలో పెద్ద గందరగోళం ఏమీ లేదు.

అక్కడ మూలం 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్. షాట్‌గన్ అంటే దాని లెక్కలో గొట్టం లోపల నునుపుగా ఉండాలి, గొట్టం పొడవు కనీసం 24 అంగుళాలు ఉండాలి, మ్యాగజైన్ ఉంటే అది ఊడదీయడానికి రానిదై, రెండు తూటాలకి మించి పట్టకూడదు. ఇది దాటితే ఇంకా కఠినమైన వేరే సర్టిఫికెట్ కావాలి. మామూలు షాట్‌గన్‌కి పోలీసులు ఇచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ చాలు, ఐదేళ్లు చెల్లుతుంది. కొత్తగా తీసుకోవడానికి ఫీజు 2025 ఫిబ్రవరిలో 79.50 పౌండ్ల నుంచి 194 పౌండ్లకి పెంచారు. బ్రిటిష్ పౌరుడే అయ్యుండాలన్న రూల్ లేదు, అక్కడ నివాసం ఉంటే చాలు. సర్టిఫికెట్ లేకుండా గన్ దగ్గర పెట్టుకుంటే ఐదేళ్ల దాకా జైలు. వీసా మీద బతికే మనవాళ్లకి జైలు దాకా కూడా అక్కర్లేదు, రికార్డులో ఒక్క కేసు పడితే రేపు పర్మనెంట్ రెసిడెన్సీ దగ్గర అదే అడ్డం పడుతుంది. మా వాడి అసలు భయం అదే.

ఇక్కడ ఆన్‌లైన్‌లో తిరిగే ఒక తెలివైన లాజిక్ చెప్పాలి. "పడవ అంటే నౌకే కదా, నౌకలో గన్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదు" అంటారు. చట్టంలో ఆ మాట నిజంగానే ఉంది, సెక్షన్ 13. కానీ అది నౌక సామగ్రిలో భాగంగా ఉండే ఆయుధానికి. దాన్ని కూడా ఒడ్డుకి దింపాలంటే పోలీసుల పర్మిట్ కావాలి. ఆదివారం పూట క్లబ్‌కి తీసుకెళ్లి మట్టి పళ్లేలు కాల్చే గన్ పడవ సామగ్రి ఎలా అవుతుంది? లైఫ్ జాకెట్ పక్కన వేలాడదీసినంత మాత్రాన అవదు.

అంటే పడవలో ఉండటం నేరం కాదు, పడవలో ఉన్నందుకు మినహాయింపూ లేదు. చిక్కు ఎక్కడంటే అడ్రస్ దగ్గర. సర్టిఫికెట్ ఇచ్చేది నువ్వు నివాసం ఉండే ఏరియా పోలీసులు. ఇంగ్లాండ్, వేల్స్ కలిపి 43 పోలీస్ ఫోర్సులు ఉన్నాయి. పడవని కట్టుకోడానికి సొంతంగా ఒక చోటు, అంటే హోమ్ మూరింగ్, ఉన్నవాళ్లకి ఏ ఫోర్సో తేలిపోతుంది. అది లేనివాళ్లు 1995 నాటి కాలువల చట్టం ప్రకారం ఒకే చోట 14 రోజులకి మించి ఉండకూడదు, కదులుతూనే ఉండాలి. ఈ వారం ఒక ఫోర్సు పరిధి, వచ్చే నెల ఇంకోటి. పడవ కదులుతుంది, కాగితం కదలదు.

అందుకే కజిన్ అడ్రస్ ఐడియా అందరికీ వస్తుంది. ఉండని చోట ఉంటున్నానని రాస్తే అది తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం, అదే విడిగా ఒక నేరం. పైగా గన్‌ని సర్టిఫికెట్ లేని కజిన్ ఇంట్లో అటక మీద పెడితే, ఆయన చేతిలో లైసెన్స్ లేని ఆయుధం ఉన్నట్టే. సాయం చేయబోయిన పాపానికి ఆయన మెడకి చుట్టుకుంటుంది. కజిన్ ఇంట్లో ఉక్కు క్యాబినెట్ బిగించి, తాళం నా దగ్గరే పెట్టుకుంటే? అది పోలీసులు ముందే చూసి ఒప్పుకోవాల్సిన ఏర్పాటు. చెప్పకుండా చేసేది కాదు. అసలు చేయాల్సిన పని చిన్నదే. పర్మనెంట్ అడ్రస్ మారితే సర్టిఫికెట్ ఇచ్చిన పోలీసులకి ఆలస్యం లేకుండా చెప్పాలి, అది సర్టిఫికెట్ మీదే రాసి ఉన్న షరతు. మూరింగ్ లేకపోతే లేదనే చెప్పి, ఏ కాలువల మీద తిరుగుతానో చెప్పి, ఏం చేయమంటారో అడగాలి.

ఇప్పుడు మంచం కింద సంగతి. షరతులో "క్యాబినెట్" అన్న మాట లేదు. అనుమతి లేనివాళ్ల చేతికి అందకుండా, సాధ్యమైనంత వరకు, భద్రంగా ఉంచాలి అని ఉంది. ఆచరణలో పోలీసులు ఇంటికొచ్చి చూస్తారు, బీఎస్ 7558 అనే బ్రిటిష్ ప్రమాణానికి సరిపోయే ఉక్కు క్యాబినెట్ ఉంటే మాట సులువవుతుంది. ఇంట్లో అయితే ఇటుక గోడకి బోల్టులు. పడవలో గోడ అనిపించేది లోపలి ప్లైవుడ్ మాత్రమే, దానికి స్క్రూలు కొడితే దొంగ గడ్డపారతో నిమిషంలో ఊడబీకుతాడు. పడవ ఉక్కు ఫ్రేముకి బిగించాలి. అలాగని హల్‌కి నీటిమట్టం కింద రంధ్రం పెట్టారనుకోండి, గన్ భద్రంగానే ఉంటుంది, మీరే మునుగుతారు. ఇంకా, మీరు ఆఫీసుకి పోతే పడవ రోజంతా దారి పక్కన ఖాళీగా ఉంటుంది, కిటికీలోంచి లోపలంతా కనిపిస్తుంది. కాబట్టి క్యాబినెట్ అల్మరాలో కనిపించకుండా ఉండాలి. తాళం ఎక్కడుందో సర్టిఫికెట్ లేని భార్యకైనా, ఫ్రెండ్‌కైనా తెలియకూడదు.

నన్నడిగితే మూరింగ్ లేకుండా తిరిగేవాళ్లకి ఒడ్డు మీద దాచుకోవడమే మేలు. రిజిస్టర్డ్ ఫైర్‌ఆర్మ్స్ డీలర్లు చాలామంది ఫీజు తీసుకుని దాచిపెడతారు. మన దగ్గర ఎలక్షన్లప్పుడు లైసెన్స్ గన్‌లు స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తీసుకుంటారు కదా, ఆ రసీదు అలవాటు ఇక్కడా పనికొస్తుంది. షాట్‌గన్ సర్టిఫికెట్ ఉన్న ఫ్రెండ్ దగ్గర కూడా పెట్టొచ్చు, కానీ 72 గంటలు దాటితే దాన్ని బదిలీ కింద లెక్కేసి పోలీసులకి తెలపాలి.

ఇక అమ్మకం. ఒక ప్రైవేట్ మనిషి తన గన్‌ని ఇంకో ప్రైవేట్ మనిషికి అమ్మొచ్చు. 1997 సవరణ చట్టం ప్రకారం కొనేవాడు తన సర్టిఫికెట్ చూపించాలి. అమ్మేవాడు ఆ సర్టిఫికెట్ మీద గన్ రకం, సీరియల్ నంబర్ లాంటి వివరాలు తన చేత్తో రాయాలి. గన్ చేతి నుంచి చేతికి, ఎదురెదురుగా మారాలి. తర్వాత 7 రోజుల్లో ఇద్దరూ ఎవరి సర్టిఫికెట్ ఇచ్చిన పోలీసులకి వాళ్లు తెలపాలి. కొరియర్‌కి ఇందులో చోటెక్కడ? సర్టిఫికెట్ ఫోటో వాట్సాప్‌లో పంపిస్తే చూసినట్టు కాదు. కొనేవాడు దూరంగా ఉంటే మీ దగ్గర్లోని డీలర్‌కి ఇవ్వండి, ఆయన అవతలి ఊరి డీలర్‌కి పంపుతాడు, కొనేవాడు అక్కడికి స్వయంగా వెళ్లి తీసుకుంటాడు.

ఒకటి అమ్మి ఊరుకుంటే ఓకే. పాతవి కొని లాభానికి అమ్మడం మొదలెడితే అది వ్యాపారం, డీలర్‌గా పోలీసుల దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ రిజిస్ట్రేషన్‌కి వ్యాపార స్థలం చూపాలి, ప్రతి లావాదేవీ పుస్తకంలో ఎక్కించాలి. 14 రోజులకోసారి కదిలే పడవ నుంచి ఆ దుకాణం నడపడం నాకైతే ఊహకి అందలేదు.

తూటాలు మిగిలితే? ఆటకి వాడే మామూలు తూటాలు దగ్గర ఉంచుకోడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, అమ్మేటప్పుడు మాత్రం కొనేవాడి సర్టిఫికెట్ చూడాలి.

మావాడు ముందు ఒక సొలిసిటర్‌తో మాట్లాడాడు. తర్వాత గన్‌ని విడదీసి, కవర్‌లో పెట్టి, తనే డీలర్ దగ్గరికి తీసుకెళ్లి అప్పజెప్పాడు. సర్టిఫికెట్ తన పేరు మీద ఉంది కాబట్టి తీసుకెళ్లే హక్కు తనకే ఉంది, కజిన్‌కి కాదు. అడ్రస్ సంగతి దాచకుండా పోలీసులకి రాశాడు. ఈ వీడియో రికార్డ్ చేసే రోజుకి ఇంకా రిప్లై రాలేదు. నిన్న మాత్రం ఒక మెసేజ్ పెట్టాడు: డీలర్ గన్ విప్పి చూస్తే, చలికాలమంతా పడవ చెమ్మకి మంచం కింద ఉన్నందుకు గొట్టాల మీద తుప్పు పట్టిందట. తను అనుకున్న రేటులో సగానికే అడుగుతున్నాడట.