సెలవులలో నేర్చిన భాష

వేసవి వచ్చి బడులు మూతపడగానే చోడవరము పిల్లలు తాతగారి ఊళ్ళకు బయలుదేరుదురు. 2022లో విశాఖపట్నము జిల్లానుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ప్రాంతము చెరకునకు, బెల్లమునకు పేరొందినది. గానుగ, పాకము, బెల్లపు దిమ్మ అను మాటలను ఇచ్చటి పిల్లలకు పాఠ్యపుస్తకము నేర్పనక్కరలేదు. పెద్దల నోట విని వారే పట్టుకొందురు. కాని ఇంటను వీధిని పరభాషయే వినబడునపుడు పూర్వుల నుడి బాలురకు ఎట్లు అందును? ఈ ప్రశ్నకు అమెరికాలోని యూదులు వేసవి శిబిరములలో సమాధానము వెదకిరి.

హీబ్రూ యూదుల ప్రార్థనాభాష. క్రీస్తుశకము తొలి శతాబ్దములలోనే అది నిత్యవ్యవహారమునుండి తొలగి, గ్రంథములకును ఆరాధనకును పరిమితమైనది. 19వ శతాబ్ది చివర ఎలియెజెర్ బెన్ యెహూదా మున్నగువారు దానిని మరల ఇంటిభాషగా చేయబూనిరి. 1882లో జన్మించిన తన కుమారుని ఆయన హీబ్రూలోనే పెంచెను. చచ్చినదనుకొన్న భాష మొదట ఒక పసివాని నాలుకపై లేచి నిలిచినది.

1941లో అమెరికాయందు ష్లోమో షుల్సింగర్ 'మసాద్' అను శిబిరమును నెలకొల్పెను. అచ్చట భోజనపు బంతిలోనే గాక బేస్‌బాల్ ఆటయందును హీబ్రూయే పలుకవలెను. ఆటకు తగిన మాటలు లేనిచో కల్పించుకొనిరి. ఆ సంవత్సరములలోనే ఐరోపాలో నాజీలు సుమారు 60 లక్షల యూదులను సంహరించిరి. వారిలో ఇంచుమించు 15 లక్షలమంది బాలబాలికలు. బడులు, గురువులు, గ్రంథాలయములు బూడిదయైన వేళ, మిగిలిన పిల్లలకు దేనిని అందింపవలెనను చింత పెద్దలను కలచినది. 1947లో విస్కాన్సిన్ రాష్ట్రమున తొలి 'రామా' శిబిరము వెలసినది.

అట్టి శిబిరములలో వారము నడచు తీరు గమనింపదగినది. ఉదయమున 'బోకెర్ తోవ్' అను శుభోదయముతో పిల్లలు లేతురు. ఈత, ఆట, పాట, ప్రార్థన క్రమముగా సాగును. భోజనశాలకు, సరస్సునకు హీబ్రూ పేర్లే వాడుక. నడిపించు అన్నలు, అక్కలు తరచుగా ఒకనాడు అచ్చటనే పెరిగినవారు. శుక్రవారము కుటీరములు ఊడ్చి, తెల్లని దుస్తులు ధరించి, సూర్యాస్తమయమునకు ముందే దీపములు వెలిగింతురు. విశ్రాంతిదినమైన షబ్బాత్ అట్లు ప్రవేశించును. శనివారము రాత్రి మూడు నక్షత్రములు కనబడిన పిదప సుగంధద్రవ్యములను ఆఘ్రాణించి, జడవలె అల్లిన వత్తిని ద్రాక్షారసమున ఆర్పి, వచ్చు వారము శుభమగుగాక యని ఒకరికొకరు చెప్పుకొందురు.

శోకమునకును అచ్చట తావున్నది. జెరూసలేము దేవాలయవినాశనమును స్మరించు ఉపవాసదినము ఆబ్ మాసపు తొమ్మిదవనాడు, అనగా జూలై ఆగస్టులలో, సెలవుల నడుమ వచ్చును. ఆ రాత్రి పిల్లలు నేలపై కూర్చుండి మసకవెలుతురులో విలాపవాక్యముల పఠనమును ఆలకింతురు. బడి ఈయలేని ఆ అనుభవమును శిబిరమే ఇచ్చును.

అయితే నేటి శిబిరములలో పెక్కింట పిల్లలు మాటలాడునది ఆంగ్లమే. హీబ్రూ మాటలు దానిలో కలిసి వచ్చును. 2020లో ఈ విషయమును పరిశోధించి గ్రంథము వెలువరించిన పండితులు దీనిని వైఫల్యముగా భావింపలేదు. భాష పూర్తిగా రాకున్నను, అది తమదను మమకారము కలుగుట లాభమేయని వారి ఆశయము.

ఆంధ్రదేశమునను యూదులు కలరు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో, తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొను 'బెనె ఎఫ్రాయిము' అను చిన్న సమాజము గలదు. వారి మాతృభాష తెలుగు. 1991లో ప్రార్థనామందిరము ఏర్పరచుకొని, హీబ్రూ ప్రార్థనలను పిల్లలకు నేర్పుకొనిరి. వారిలో పలువురు వ్యవసాయకూలీలు. శనివారము పని మానుటయనగా వారికి ఆనాటి కూలిని వదులుకొనుటయే. సరస్సులు, కుటీరములు లేకున్నను, ఆ పిల్లలకు షబ్బాత్ విలువ ఇంటనే తెలియును.

ఉపాధ్యాయులు దీనినుండి గ్రహింపదగినది ఒకటి కలదు. భాషను గూర్చి ఉపన్యసించిన బాలుడు దానిని గౌరవించును. ఆ భాషలో ఆకలి చెప్పుకొని, ఆట గెలిచి, తోటివారితో దుఃఖించినవాడు దానిని తనదిగా చేసికొనును. తెలుగు బడిలో ఒక పాఠ్యాంశముగా మాత్రమే మిగిలిన ఇండ్లు నేడు మన ఊళ్ళలోను పెరుగుచున్నవి. వేసవిలో ఒక్క వారము పరీక్షలును మార్కులును లేక, వంటయు ఆటయు తెలుగున సాగు విడిదిని ఏర్పరచుటకు గొప్ప ధనము అక్కరలేదు. ఒక చెట్టునీడ, ఓపికగల ఇద్దరు గురువులు, కథలు చెప్పగల ఒక ముదుసలి చాలును.