చెయ్యి పైకి లేవడం లేదు
బస్తా మోసే భుజానికి ఏమవుతోంది?

మాసూళ్ళకు ముందు ఒక వూళ్ళో ముఠా కార్మికుల సమావేశం పెట్టాం. ఎగుమతి, దిగుమతి రేట్లు పెంచాలని తీర్మానం చదివి, ఆమోదించేవాళ్ళు చేతులెత్తండి అన్నాం. అందరి చేతులూ లేచాయి. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన చెయ్యి మాత్రం సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏం బాబాయ్, తీర్మానానికి వ్యతిరేకమా?" అన్నాడు పక్కనున్న కుర్రాడు.

"వ్యతిరేకం నేను కాదురా, నా జబ్బ" అన్నాడాయన.

సభంతా నవ్వింది. మేమూ నవ్వాం. రాత్రి భోజనాల దగ్గర అడిగితే తెలిసింది, రెండేళ్ళుగా ఆయనకు ఆ చెయ్యి లేవడం లేదట. చొక్కా ఇంటావిడ తొడగాలి. ఆ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర రాదు. అయినా రెండో భుజం మీద బస్తాలు మోస్తూనే వున్నాడు. "మోసేవాడికి ఇదంతా మామూలే" అన్నాడు.

మామూలే అనుకోవడం దగ్గరే మన పొరపాటు వుంది. అందుకే ఈసారి భుజం గురించి రాస్తున్నాం. మేము డాక్టర్లం కాము. చదివిందీ, డాక్టర్లనడిగి తెలుసుకున్నదీ, జట్ల మధ్య తిరిగి చూసిందీ రాస్తున్నాం.

భుజం ఎట్లా కట్టి వుంది?

మూడు ఎముకలు కలిస్తే భుజం. ముందువైపు మెడ కింద చేతికి అడ్డంగా తగిలేది కాలరు ఎముక. వెనక వీపు మీద పలకలాగా వుండేది రెక్క ఎముక. మూడోది దండచెయ్యి ఎముక. మన మొండేనికీ చేతికీ ఎముకతో వున్న లంకె ఆ కాలరు ఎముక ఒక్కటే. మిగతాదంతా కండల బలం మీద నిలబడిందే.

దండచెయ్యి ఎముక పైకొన బంతిలాగా గుండ్రంగా వుంటుంది. అది రెక్క ఎముక అంచున వున్న పల్లంలో ఆని తిరుగుతుంది. తుంటి దగ్గర ఆ పల్లం లోతైన గిన్నె. భుజం దగ్గర అది లోతులేని చిప్ప. అందుకే చెయ్యి ముందుకూ వెనక్కూ, పైకీ చుట్టూ తిరుగుతుంది. వొంట్లో ఏ కీలూ ఇంతగా తిరగదు. అందుకే ఇంత తేలిగ్గా తప్పే పెద్ద కీలు కూడా ఇంకొకటి లేదు.

ఆ బంతిని చిప్పలో పట్టి వుంచేవి నాలుగు కండలు. అవి రెక్క ఎముక నుంచి వచ్చి, కొనలో గట్టి పట్టీల్లాగా మారి, బంతి చుట్టూ అతుక్కుంటాయి. మనం "నరం పట్టింది" అంటామే, చాలాసార్లు అది నరం కాదు, ఈ పట్టీ. ఆ పైన రెక్క ఎముక కొస చూరులాగా వంగి వుంటుంది. చూరుకూ బంతికీ నడుమ ఇరుకు సందు. అందులోనే పై పట్టీ నడుస్తుంది. చెయ్యి పైకెత్తినప్పుడల్లా ఆ సందు మరింత ఇరుకవుతుంది.

ఏయే దెబ్బలు తగులుతాయి?

మొదటిది, నలుగుడు. పనలు ఎత్తి కొట్టడం, బస్తా లారీ మీదికి అందించడం, నెత్తిన గంపను చేత్తో పట్టుకుని నడవడం, అన్నిట్లోనూ చెయ్యి పైనే వుంటుంది. పట్టీ చూరు కింద నలిగి వాస్తుంది. పక్కనించి చెయ్యి లేపుతుంటే నడిమధ్యలో నొప్పి పుట్టడం, రాత్రిళ్ళు ఎక్కువవడం దీని గుర్తు. ఈ దశలో కొన్నాళ్ళు చెయ్యి పైకెత్తే పని మానితే చాలామందికి సర్దుకుంటుంది. మానకపోతే పట్టీ పీచులు పీచులుగా అరిగి ఒకరోజు తెగుతుంది. అప్పుడు నొప్పి తగ్గినా చెయ్యి లేవదు. మన పెద్దాయనకు జరిగింది ఇదేనని ఆస్పత్రిలో చెప్పారు.

ఇక్కడ ఒక మాట. నొప్పికి సూది వేయించుకుని సాయంత్రం మళ్ళీ బస్తా కిందికి పోయేవాళ్ళను చూస్తున్నాం. సూది నొప్పిని దాస్తుంది గాని తెగిన పట్టీని అతకదు. స్టెరాయిడు సూదులు మాటిమాటికీ పడితే పట్టీ ఇంకా బలహీనమవుతుంది.

రెండోది, కీలు తప్పడం. గట్టు మీద జారి చెయ్యి ఆనించినా, లారీ మీంచి పడినా బంతి చిప్పలోంచి బయటికి వస్తుంది. ఎక్కువగా ముందువైపుకే వస్తుంది. భుజం గుండ్రదనం పోయి మెట్టులాగా కనిపిస్తుంది. పక్కవాళ్ళు పట్టుకుని గుంజగూడదు. ఎముక విరిగి వుండవచ్చు, నరం తెగవచ్చు. తువ్వాలుతో చేతిని మెడకు కట్టి ఆస్పత్రికి తీసుకుపోండి. ఎక్స్‌రే తీశాకనే కీలు ఎక్కించాలి.

మూడోది, కాలరు ఎముక విరగడం. దీనికీ ముందు చేయాల్సింది చేతిని మెడకు కట్టడమే.

నాలుగోది, తిమ్మిరి. చేతికి పోయే నరాలన్నీ కాలరు ఎముక కిందగానే దిగుతాయి. బరువు రోజంతా అక్కడే నొక్కితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పట్టు తప్పుతుంది. పదహారు లీటర్ల మందు డబ్బా సన్నటి తాళ్ళతో భుజాన వేసుకుని తిరిగేవాళ్ళకూ ఇదే ప్రమాదం. తాడు కింద మందపాటి గుడ్డ మడత పెట్టుకోండి.

అయిదోది, బిగుసుకుపోవడం. నలభై, అరవై ఏళ్ళ నడుమ, అందులోనూ ఆడవాళ్ళకూ షుగరున్నవాళ్ళకూ ఎక్కువ. చెయ్యి ఏ వైపుకూ తిరగదు, ఇంకొకరు తిప్పినా తిరగదు. ఏడాది, రెండేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. ముందుగా షుగరు చూపించుకోండి. ముందుకు వంగి చేతిని లోలకంలాగా వూపడం, గోడ మీద వేళ్ళతో మెల్లగా పైకి పాకించడం రోజూ చేయాలి.

ఎడమ భుజం నొప్పితోబాటు గుండెలో బరువు, చెమట, ఆయాసం వుంటే అది భుజం జబ్బు కాకపోవచ్చు, గుండెపోటు కావచ్చు. తైలం రుద్దుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

బరువెంత?

కోస్తా జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఏం చెప్పింది? మగ కార్మికుడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని వీలైనంత త్వరగా ఆ మేరకు తగ్గించాలని సిఫారసు చేసింది. ఆడవాళ్ళకు అంతకంటే బాగా తక్కువ వుండాలంది. మన బస్తా దానికి ఇరవై కిలోలు పైన. రోజుకు వంద బస్తాలు ఎత్తినవాడు ఏడున్నర టన్నులు ఎత్తినట్టు. కోత మిషన్లు వచ్చాయి, లారీలు పెద్దవయ్యాయి. కళ్ళంలోంచి లారీ దాకా మాత్రం బస్తా ఇంకా మనిషి మూపు మీదనే పోతోంది.

ఈ మాట ఒక వ్యాపారి దగ్గరెత్తితే, మేము అడక్కముందే "మేమేం ఎక్కువ మోయించడం లేదే" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఇంకొకాయన, "బస్తా చిన్నదైతే మీకే కూలి తగ్గుతుంది" అన్నాడు. కూలి బస్తాకు కాకుండా క్వింటాలుకు లెక్కగడితే ఎందుకు తగ్గుతుంది?

అందువల్ల రేట్ల ఒప్పందానికి కూర్చున్నప్పుడు ఈ నాలుగూ కలిపి అడగాలి. బస్తా 50 కిలోలు దాటగూడదు, కూలి క్వింటాలు లెక్కన ఇవ్వాలి. లారీకి గట్టి చెక్క మెట్టు పెట్టాలి. ఎత్తేటప్పుడు ఇద్దరు చెయ్యి వెయ్యాలి. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చూ, పని లేని రోజుల కూలీ ఇవ్వాలి. దెబ్బ తగిలిన రోజే సంఘం పుస్తకంలో తేదీ, చోటు, సాక్షుల పేర్లు రాయించండి, ఆస్పత్రి చీటీ పారెయ్యకండి. కాగితం లేకపోతే రేపు నష్టపరిహారం అడిగేందుకు ఆధారం మిగలదు.

ఆ పెద్దాయనను ఆలస్యంగానైనా పెద్దాస్పత్రికి తీసుకుపోయాం. పట్టీ తెగి చాలాకాలమైంది, కండ కరిగిపోయింది, ఇక ఆపరేషను చేసినా పూర్తిగా లేవదన్నారు. మొదటి ఏడాదే వచ్చివుంటే బాగుండేదన్నారు. ఆయన జట్టులో ఇంకా పదిహేనుమంది వున్నారు. వాళ్ళ చేతులు ఇవాళ పైకి లేస్తున్నాయి. అవి లేస్తున్నప్పుడే బస్తా బరువు తగ్గించుకోవాలి.