నల్లనీటి చేపకు పచ్చని ఇల్లు

మొన్న సంక్రాంతికి మా యింటికి వచ్చిన పెదనాన్నగారు వసారాలోని గాజుతొట్టి యెదుట కుర్చీ లాగుకొని కూర్చుండి, పళ్లెములను నిలువుగా నిలబెట్టినట్లు నీటిలో నిలిచి తీరుబడిగా రెక్కలాడించుచున్న ఆరు డిస్కస్ చేపలను, వాని చుట్టును ఏపుగా పెరిగిన ఆకుజొంపములను చాలసేపు పరికించి, "ఈ మొక్కలన్నీ ఆ చేపల ఊరివేనట్రా?" అని యడిగిరి. వాని ఊరిలో నీటి అడుగున మొక్క కనబడుటయే అరుదని నేను చెప్పగా ఆయన నమ్మలేదు. తొట్టి కొన్న తొలినాళ్లలో నేనును ఎరుగను.

డిస్కస్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహమునకు చెందిన సిక్లిడ్ జాతి మత్స్యము. నాటెరర్ అను ప్రకృతి పరిశోధకుడు 1817 మొదలు 1835 వరకు బ్రెజిల్ దేశమున సంచరించి వియన్నా నగరమునకు చేర్చిన సేకరణలనుండి ఈ చేపను తీసికొని, హెకెల్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1840లో దానిని తొలిసారిగా వర్ణించెను. బిళ్లవంటి గుండ్రని దేహమే దాని పేరునకు కారణము. దాని ఉనికిపట్టులలో నొకటి రియో నీగ్రో, అనగా నల్లని నది. అడవిలో రాలిన ఆకులును కొయ్యయు నానుటచే అందలి నీరు పాలు కలుపని డికాక్షనువలె నుండును. లవణములు అత్యల్పమగుటచే అది మిక్కిలి మృదువు, ఆమ్లగుణము గలది. ఆ నల్లనీటిలో సూర్యకాంతి లోతునకు చొరదు, ఏటేట నది మీటర్ల కొలది పొంగి అడవిని ముంచును. ఇంక నీటిమొక్క నిలద్రొక్కుకొనుటకు వీలెక్కడిది? మునిగిన చెట్ల కొమ్మల నడుమ, ఆ నీడలలో, డిస్కస్ గుంపులుగా తలదాచుకొనును. అట్టి చేపను పచ్చని తోటలో నిలుపవలెననుట కేవలము మన ముచ్చట. ఆ ముచ్చట తీర్చుకొనదలచినవాడు చేపకును మొక్కకును నిత్యము సంధి కుదుర్చుచుండవలసినదే.

తగవు మొదట వేడిమి దగ్గర వచ్చును. డిస్కస్‌కు 28 మొదలు 30 డిగ్రీల వెచ్చని నీరు కావలెను; దుకాణములలో అమ్మెడి నీటిమొక్కలలో పెక్కింటికి 24, 25 డిగ్రీలు హాయి. పైగా నీరు వెచ్చబడినకొలది అందు కరగెడి ప్రాణవాయువు తగ్గును: 20 డిగ్రీల వద్ద లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టు మంచినీరు 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే పట్టును. పగలు ప్రాణవాయువును విడిచెడి మొక్కలు రాత్రి తామును దానినే పీల్చుకొనును గనుక, దీపమార్పిన తరువాత గాలి మోటారు నడుపుట మంచిది. ఈ వేడికి ఓర్చు మొక్కలు లేకపోలేదు. అమెజాన్ స్వోర్డ్, ఆఫ్రికాదైన అనూబియాస్, జావా ఫెర్న్, దక్షిణ భారతపు వాగులలోను సింహళమునందును పెరిగెడి క్రిప్టోకొరైన్ అను ఈ నాలుగింటితోనే తొట్టి నిండును. రిబ్బనులవలె సాగెడి మన వాలిస్నేరియా వేడికి ఓర్చునుగాని మరీ మృదువైన నీటిలో నీరసించును. ఖరీదైన ఎర్రమొక్కల జోలికి పోకుండుటయే క్షేమము.

తొట్టి విషయమున పిసినారితనము పనికిరాదు. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 2 అడుగుల ఎత్తు గలది సుమారు 340 లీటర్లు పట్టును. ఆరు చేపలకు అది చాలును. ఒకటి రెండు మాత్రమే తెచ్చినచో బలముగలది రెండవదానిని తరిమి తరిమి తిండి తిననీయదు. ఆరేడు కలిసినచో ఆ దౌర్జన్యము తలా కొంచెము పంచుకొనును. నీటి బరువే 300 కిలోలకు మించును గనుక మామూలు బల్లమీద పెట్టరాదు. ఇనుప స్టాండుపై ప్లైవుడ్డు, దానిపై థర్మాకోలు పరచి, ఎండ నేరుగా పడనిచోట అమర్చవలెను. పెద్ద హీటరు ఒక్కదానికి బదులు చిన్నవి రెండు మేలు: ఒకటి ఆరక వెలుగుచు నిలిచిపోయినను చేపలను ఉడికింపజాలదు, ఒకటి చెడినను రెండవది కొంత కాచును. హైదరాబాదు జనవరి రాత్రులకు ఇవి తప్పవు. బెజవాడ మే నెలలో వీనిని తీసివేసి నీటిమీద చిన్న ఫ్యాను తిప్పవలసి వచ్చును.

నాటుటలో కొన్ని మెలకువలున్నవి. స్వోర్డ్ వేళ్లను ఇసుకలో లోతుగా దించి, ఆకులును వేళ్లును కలిసెడి మొదలు బయటపడునట్లు మరల కొంచెము పైకి లాగవలెను. మొదలు కప్పబడినచో కుళ్లును. అనూబియాస్, జావా ఫెర్న్‌ల అడ్డదుంపను ఇసుకలో పూడ్చనేకూడదు. నానిన కొయ్యదుంగకు నూలుదారముతో చుట్టినచో కొన్ని వారములకు వేళ్లే కొయ్యను పట్టుకొనును, దారము తానే చివికిపోవును. క్రిప్టోకొరైన్ కథ వేరు. స్థలము మారినంతనే అది అలుగును. కొద్దిదినములలో ఆకులన్నియు జిగురుగా కరగిపోవును. కొత్తవాడు మొక్క చచ్చినదని పెరికి పారవేయును. నేనట్లే రెండు కుదుళ్లు పారవేసితిని. మూడవదానిని బద్ధకమువలన వదలివేయగా, నెల తిరుగకమునుపే ఇసుకలోనుండి గోధుమరంగు మొలక యొకటి తలయెత్తెను.

ఇంత అమర్చిన పిమ్మట చేపలకై మనసు తొందరపడును. ఆగవలెను. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేరొక తెగ దానిని నైట్రేటు చేయును, అది కొద్దిపాటిగా నున్నంతవరకు హానిచేయదు, మొక్కలకు ఎరువగును. ఖాళీ తొట్టిలో చిటికెడు మేత వేయుచు, ఈ జీవులు ఫిల్టరు స్పాంజిలో కాపురము పెట్టువరకు నాలుగైదు వారములు, ఒక్కొక్కప్పుడు ఆరు, వేచియుండవలెను. చేపలేని నీటికి దీపము పెట్టుచున్నానని ఇంటివారు పరిహసింతురు, సహింపక తప్పదు.

అటుపిమ్మట చాకిరి అంతయు నీటిదే. నేను వారమునకు రెండుమార్లు మూడవవంతు నీరు తీసి, అదే వెచ్చదనముగల నీరు పోయుదును. ఒక ఆదివారము తొందరలో కుళాయినీటిని నేరుగా పోసితిని. అందు క్లోరిన్ ఎక్కువని ముక్కునకు తెలియుచునే యున్నది. పావుగంటలో నీలిచారల చేపలు బొగ్గురంగునకు తిరిగి, రెక్కలు ముడిచి, ఒక మూలకు తలలు చేర్చి, మొప్పలు వడివడిగా కొట్టుకొనసాగినవి. సోడియం థయోసల్ఫేట్ పలుకులు కరగించి పోయగా తెల్లవారుసరికి ఐదు తేరుకొన్నవి. పెదనాన్నగారు చూచిన ఆరవది తరువాత వచ్చినది. బోరునీటివారికి కాఠిన్యము వేరొక బాధ. వారు ఆర్వో నీటిని కలుపుకొందురు. తొట్లలోనే పుట్టి పెరిగిన డిస్కస్ పీహెచ్ 7కు కొంచెము అటునిటు అయినను ఓర్చుకొనును. పూటకొక తీరుగా మారెడి నీటిని ఓర్వదు.

ఆ నల్లని నదిని కొంతైనను తలపించుటకు, మన వీధులలో ఎర్రబడి రాలెడి బాదమాకులను కడిగి ఎండబెట్టి రెండు మూడు తొట్టిలో వేసెదను. పదిదినములలో నీరు లేత తేనెరంగు దాల్చును, చేపల బెదురును తగ్గినట్లు తోచును. విస్తళ్లు కుట్టిన ఆకు ఇంత దూరపు చేపకు పనికివచ్చినదని పెదనాన్నగారు దీనిని మాత్రము మెచ్చుకొనిరి.

ఈ చేపల సంతానపోషణ విచిత్రము. ఈదనేర్చిన పిల్లలకు తల్లిదండ్రుల చర్మముపై ఊరెడి జిగురే ఆహారము. అవి ఈగలవలె తల్లి పక్కలను ముసరి కొరుకుచుండగా, విసిగిన తల్లి ఒక్క ఉదుటున తొలగును, మంద యంతయు తండ్రి ఒడలిని చేరును. పిల్లలను సాకువేళ ఆ జిగురులో మాంసకృత్తులును రోగమునడ్డు పదార్థములును హెచ్చునని 2010లో ప్రచురితమైన పరిశోధన యొకటి తెలిపినది. మూడు వారములు గడువగా పెద్దవి పిల్లలకు అందక దూరముగా ఈదుచు పాలు మాన్పించును.

సంక్రాంతి వెళ్లిన నెలకు మా తొట్టిలో ఒక జంట గుడ్లు పెట్టదలచి, నాలుగు దినములు ఆకు ఆకును నోటితో తుడుచుచు తిరిగినది. అరచేయంత వెడల్పుగా ఎదిగిన స్వోర్డ్ ఆకులు, అనూబియాస్ ఆకులు, నానిన దుంగ అన్నియు చూచి, అన్నియు విడిచి, తుదకు ఫిల్టరు నల్లగొట్టముమీద గుడ్లు పెట్టినది. మూడవనాటికి పెక్కు గుడ్లు తెల్లబడినవి. నాలుగవనాటి ఉదయమునకు గొట్టము శుభ్రముగా నున్నది. ఆనాడు నీరు మార్చు దినము గనుక బకెట్లు తెచ్చుకొంటిని.