నా కోడ్ కాచిన గంజి

ముందే చెప్పేస్తున్నా, నేను బీరు తాగను. ఇది తాగుడు గురించి వ్యాసం కాదు, వేడి గురించి. ఎడిటర్ అక్క "తెలుగులో ఒక టెక్నికల్ ఆర్టికల్ రాయి" అంది. నాకు లోతుగా తెలిసిన ప్రాజెక్టు ఒక్కటే, అదీ ఫెయిలైంది. దాని గురించే రాస్తున్నా. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

మా మేనత్త కొడుకు, అంటే బావ, అమెరికాలో ఒహాయోలో ఉంటాడు. శనివారం వస్తే గరాజ్‌లో బీరు చేస్తాడు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం తర్వాత, అక్కడ సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు కాదు. అమ్మకూడదు, అంతే. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా చేస్తే నేరం. కాబట్టి హాస్టల్‌లో ఎవరూ ట్రై చేయకండి.

బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని బరకగా మర పట్టి, వేడి నీళ్లలో గంటసేపు ఉంచుతారు. ఆ పాత్ర పేరే మాష్ టన్. గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. తర్వాత ఈస్ట్ తినేది ఆ చక్కెరనే. ముఖ్యమైన ఎంజైములు రెండు. బీటా అమైలేజ్ పిండి గొలుసుని చివర నుంచి తుంచుతుంది, దానికి 60 నుంచి 65 డిగ్రీలు ఇష్టం. ఆల్ఫా అమైలేజ్ మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది, దానికి 70 దరిదాపులు కావాలి. ఇద్దరికీ సర్దుబాటుగా 67 పెట్టుకుంటారు. బాగా వేడెక్కితే రెండూ పాడైపోతాయి, మళ్లీ చల్లార్చినా పనిచేయవు. అన్‌డూ బటన్ లేదన్నమాట.

బావ మొదటి మాష్ టన్ ఒక ప్లాస్టిక్ ఐస్ బాక్స్. చల్లదనాన్ని కాపాడే డబ్బా వేడినీ కాపాడుతుంది కదా. దాని కుళాయి తీసేసి స్టీల్ వాల్వ్ పెట్టాడు. లోపల అడుగున చిల్లుల స్టీల్ పళ్లెం వేశాడు. గింజల పొట్టే జల్లెడలా పనిచేసి రసాన్ని వడకడుతుంది. దీనికి హీటర్ అక్కర్లేదు, నీళ్లు సరైన వేడిలో పోస్తే చాలు. లెక్క కూడా సింపుల్. గింజల ఉష్ణధారణ నీళ్లలో సుమారు 0.41 వంతు. 22 డిగ్రీల్లో ఉన్న 5 కిలోల గింజల్ని 67కి తేవాలంటే, 15 లీటర్ల నీళ్లు 6 డిగ్రీలు పోగొట్టుకుంటాయి. అంటే 73 దగ్గర పోయాలి.

కానీ గంటలో ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతోందని బావకి అసంతృప్తి. స్టీల్ కుండకి మారాడు. కింద మంట పెడితే పాయసంలా అడుగంటుతుంది. అందుకని ఒక పంపు పెట్టాడు. అది అడుగు నుంచి రసాన్ని లాగి, 1500 వాట్ల హీటర్ ఉన్న గొట్టం గుండా పంపి, మళ్లీ గింజల మీద పోస్తుంది. ఆ హీటర్‌ని నడిపే కోడ్ నాది.

"నీళ్ల లెక్కలు వద్దు బావా, 50లో కలిపెయ్, 67కి నా కోడ్ తీసుకెళ్తుంది" అన్నాను. సెన్సర్ గింజల మధ్యలో పెట్టమన్నాను. గ్రాఫ్ బ్రహ్మాండంగా వచ్చింది. 50 నుంచి 67కి గీత గీసినట్టు ఎక్కింది. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను.

గంట తర్వాత బావ ఒక చుక్క రసం తెల్ల పళ్లెంలో వేసి అయోడిన్ కలిపాడు. నల్లనీలం రంగు వచ్చింది. పిండి పిండిగానే ఉంది. వీడియో కాల్‌లో చూపించి "ఒరేయ్, గంజి కాచావురా" అన్నాడు. నేను వెంటనే "కోడ్ కరెక్టే బావా, నీ పంపే ఏదో తేడా" అన్నాను. తను ఏమీ అనలేదు. అంతా పారబోశాడు. తర్వాత రెండు శనివారాలు ఫోన్ చేయలేదు.

దసరాకి ఇంటికెళ్లాను. అమ్మమ్మ రాగి జావ కాస్తోంది. చిక్కబడిందని మొలకల రాగి పిండి ఒక చెంచా తీసింది, కానీ వెయ్యలేదు. ఎందుకాగావంటే "మరిగేదాంట్లో వేస్తే పలచబడదురా, కాస్త చల్లారనీ" అంది.

నేను అక్కడే ఫోన్‌లో లెక్క వేశాను. పొట్టు బిగుసుకుని పంపు నిమిషానికి అర లీటరే తోస్తోందని బావ ఆ రోజే చెప్పాడు. 1500 వాట్లు అర లీటరుని నిమిషంలో 43 డిగ్రీలు పెంచుతాయి. గొట్టంలోకి 50తో వెళ్లిన రసం 93తో బయటికొస్తోంది! గింజల మధ్య సెన్సర్ మాత్రం అమాయకంగా 50, 51 అంటోంది. ఎంజైములు ఎక్కువగా ఉండేది ఆ రసంలోనే. వాటిని గొట్టంలో ఉడకబెట్టింది నా కోడే.

ఆ రాత్రే ఫోన్ చేసి "తప్పు నాదే బావా" అని చెప్పాను. ఇప్పుడు సెన్సర్ గొట్టం నుంచి రసం బయటికొచ్చే చోట ఉంది. అక్కడ 69 దాటితే హీటర్ ఆగిపోతుంది. ప్రవాహం తగ్గినా ఆగిపోతుంది. గింజల్ని 73 డిగ్రీల నీళ్లతోనే కలుపుతాడు, తగ్గిన ఒకటి రెండు డిగ్రీలు నింపడమే కోడ్ పని. మొన్న అయోడిన్ రంగు మారలేదని ఫోటో పంపాడు.

మీరూ టెస్ట్ చేయాలనుకుంటే బీరు అక్కర్లేదు. చిక్కటి జావ రెండు గిన్నెల్లో తీసుకోండి. ఒకదాంట్లో మరుగుతున్నప్పుడే మొలకల పిండి కలపండి, రెండోదాంట్లో కాస్త చల్లారాక. ఓ పావుగంట ఆగి గరిటెతో తిప్పి చూడండి.