చీటీలో చివరి వరుస

గోదావరిఖనిలో గేమింగ్ కంప్యూటర్: అసెంబుల్ చేయించాలా, బ్రాండెడ్ కొనాలా?

దసరా సంచికకు ముఖచిత్ర కథనం, శుక్రవారం సాయంత్రానికల్లా కావాలన్నారు ఎడిటర్. కంపెనీ లాభాల్లో వాటా పడ్డాక సింగరేణి బొగ్గు గని కార్మికుల ఇళ్లలో పిల్లలు అడిగేవాటిలో గేమింగ్ పీసీ ఒకటి. తక్కువ డబ్బులో ఏది మేలో తేల్చమన్నారు. లక్ష్మీనగర్‌లో ఒక దుకాణానికి వెళ్లి కొటేషన్ రాయించుకున్నాను. కథంతా ఆ చీటీలోనే దొరికింది.

పై వరుసలు ముచ్చటగా ఉన్నాయి. ప్రాసెసర్ రైజెన్ 5 5600. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 6600. ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ, రంగుల లైట్ల క్యాబినెట్. ప్రతిదానికీ కంపెనీ పేరు, వారంటీ రాశారు. అట్టడుగున మాత్రం పొట్టిగా ‘ఎస్‌ఎంపీఎస్ 450’. అంటే కరెంటు అందించే డబ్బా, 450 వాట్లదని. కంపెనీ పేరు లేదు.

డబ్బా తిప్పి చూపించమన్నాను. అంటించిన పట్టీ మీద 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు వాట్లు. ప్రాసెసర్‌కూ, గ్రాఫిక్స్ కార్డుకూ ప్రధానంగా కరెంటు అందేది ఆ 12 వోల్టుల తీగల్లోంచే. కంపెనీలు చెప్పే లెక్కలో మొదటిది 65 వాట్లు, రెండోది 132, కలిపి 197. ఫ్యాన్లు లెక్కలోకి రాకముందే లోటు! ఆట రంజుగా ఉన్నప్పుడు సిస్టం ఠపీమని ఆగిపోతుంది. పిల్లాడేమో గ్రాఫిక్స్ కార్డును తిడతాడు. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల పక్కనే ఉంటూ కరెంటు దగ్గరే పిసినారితనం.

ఆఫీసుల్లో వాడి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఇంకా చవక. దాని ఎస్‌ఎంపీఎస్ చిన్నదే, కానీ చెప్పినంతా ఇస్తుంది. చిక్కల్లా చాలావాటిలో ప్లగ్గులు ఆ కంపెనీ సొంత కొలతవి. రేపు పెద్దది వేద్దామంటే బోర్డుకు పట్టదు. విడిగా తీగ అడగని జీటీఎక్స్ 1650 రకం గ్రాఫిక్స్ కార్డు దగ్గర, అంటే 75 వాట్ల దగ్గర, ఆగిపోవాలి. వాలరెంట్ గేమ్ ఆడుకోవడానికి అది చాలు.

నా మొగ్గు మాత్రం అసెంబుల్ వైపే. ఇక్కడ ఓపెన్‌కాస్టుల దుమ్ము ఫ్యాన్ రెక్కలకు పేరుకుంటుంది, ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. లోపల ఏది ఎక్కడుందో తెలిసినవాడే విప్పి తుడుచుకోగలడు. కాకపోతే చీటీని కింది నుంచి పైకి రాయించాలి.

ఊరి చరిత్ర కూడా ఒక ముక్క ఉండాలన్నారు ఎడిటర్: 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకాలు, 1920లో కంపెనీకి సింగరేణి పేరు, 1960ల్లో గోదావరిఖని గనులు, 1978లో ఎన్టీపీసీ శంకుస్థాపన. అయిపోయింది.

బాక్స్ 1: కొనేముందు
• 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూడండి. నిజమైన 450 వాట్లదైతే 30 దాటుతుంది.
• సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు అడగండి. విడిభాగాలైనా, తయారు పెట్టె అయినా పన్ను 18 శాతమే.
• అసెంబుల్‌లో ఒక్కో భాగానికి ఒక్కో వారంటీ. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో ముందే కనుక్కోండి.

బాక్స్ 2: ఎవరి వాటా ఎంత
2024లో సింగరేణి లాభాల్లో కొంత పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 33 శాతం పంచినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చాయి. తొలిసారిగా ఒప్పంద కార్మికుడికీ ఇచ్చారు: 5,000. దాంతో మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి వస్తుంది.