హనుమంతుడి బిళ్ళ అసలుదేనా?

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో కొండగట్టు వస్తుంది. చైత్ర పౌర్ణమికి, మళ్ళీ వైశాఖ బహుళ దశమికి అంజన్న కొండంతా కాషాయ వస్త్రాలతో నిండిపోతుంది. మీలో చాలామంది ఆ జాతర చూసే ఉంటారు. కొబ్బరికాయల అంగళ్ళు, గాజుల అంగళ్ళు, పేలాల కుప్పలు దాటి కొంచెం ముందుకు నడిస్తే, నేలమీద పాత గుడ్డ పరుచుకొని కూర్చున్న ఒక మనిషి కనిపిస్తాడు. అతని ముందు నాణేలు! రాగివి, ఇత్తడివి, నల్లబడ్డవి, పచ్చబడ్డవి.

నాకు అలాంటి ఒకాయన ఒక బిళ్ళ చేతికిచ్చాడు. ఒకవైపు గద పట్టుకొని ఎగురుతున్న హనుమంతుడు. రెండోవైపు ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, అర్ధ అణా, 1818’ అని ఇంగ్లీషు అక్షరాలు.

“రెండొందల ఏండ్లది సారూ! ఇంట్ల ఉంటే లక్ష్మి ఉన్నట్టే. ఐదొందలియ్యి” అన్నాడు.

నేను లేచి నిలబడేసరికి ధర యాభైకి దిగింది. కొన్నాను. ఎందుకు కొన్నానో తరువాత చెబుతాను. ముందు మీరు చెప్పండి: అది అసలుదా, నకిలీదా? తెలుసుకోవడం ఎలా?

నాణెం మీద ఉన్న మాటలనే సాక్షిని ప్రశ్నించినట్టు ప్రశ్నించాలి. కంపెనీవారు తమ ఏలుబడి అంతటికీ ఒకే రకం నాణేలు తెచ్చింది 1835లో. అంతకుముందు బెంగాలు, మద్రాసు, బొంబాయి టంకశాలలు వేరువేరుగా ముద్రించేవి. 1818 నాటికి ఇలాంటి నాణెం ఏ టంకశాలలోనూ అచ్చు కాలేదు. “కంపెనీవారు దేవుళ్ళ బొమ్మలు వెయ్యనే లేదా?” అని మీరు అడగవచ్చు. వేశారు. మద్రాసు బంగారు వరహాల మీద విష్ణుమూర్తి ఉన్నాడు. కాని ఈ అర్ధ అణా హనుమంతుడు మాత్రం కంపెనీ కాలం వాడు కాదు. భక్తులకు, అమాయకులకు అమ్మడానికి ఆ తరువాతి కాలంలో పోతపోసినవాడు.

ఇక భూతద్దం తీయండి. కంపెనీ 1835 తరువాతి నాణేలు యంత్రం కింద ముద్రపడ్డవి. అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. పోతపోసిన బిళ్ళ మీద గాలిబుడగలు వదిలిన చిన్న చిన్న గుంటలు, పొక్కులు కనిపిస్తాయి. అంచున చుట్టూ సన్నని గీత కూడా ఉండవచ్చు. రెండు అచ్చులు కలిసిన చోటు అది. నా బిళ్ళకు రెండూ ఉన్నాయి.

ఒక తమాషా ఏమిటంటే, హనుమంతుడున్న అసలు నాణేలు నిజంగానే ఉన్నాయి. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని రతన్‌పూర్‌ను ఏలిన కలచురి రాజుల రాగి నాణేల మీద, తొలి విజయనగర రాజుల నాణేల మీద హనుమంతుడు కనిపిస్తాడు. కనుక హనుమంతుడు ఉన్నంత మాత్రాన నకిలీ అనకూడదు, ఉన్నంత మాత్రాన అసలుదనీ అనకూడదు.

ఈ బిళ్ళల పేరుతో ఇంకా పెద్ద మోసం ఉంది. ‘బియ్యపు గింజలను లాక్కునే నాణెం’ అని చెప్పి లక్షలు గుంజిన ముఠాలను మన పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. అయస్కాంతం ఇనుమును, నికెలును, కోబాల్టును లాగుతుంది గాని బియ్యాన్ని లాగదు. బియ్యానికి ముందే ఇనుప పొడి పట్టిస్తే మాత్రం లాగుతుంది! ఎవరైనా మీ ఇంటికి వచ్చి ఈ విద్య చూపిస్తే, మీ వంటింటి డబ్బాలోని బియ్యం తెచ్చి ముందు పెట్టండి. విద్య అక్కడే ఆగిపోతుంది.

పాత వస్తువుకు ధర ఎందుకు వస్తుంది? పాతది కావడం వల్లనే అనుకుంటే పొరపాటు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల అట్టముక్కలను పోగుచేసే సరదా ఉంది. వెనుకటి రోజుల్లో వాటిని సిగరెట్టు పెట్టెల్లో, తరువాత చూయింగ్ గమ్ పొట్లాల్లో పెట్టి అమ్మేవారు. 1909–11 మధ్య వచ్చిన ఒక వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి అట్టను తొందరగానే ఆపేశారు. అందుచేత కొన్ని పదులు మాత్రమే మిగిలాయి. వాటిలో ఒకటి 2022లో డెబ్బై లక్షల డాలర్లకు పైగా పలికింది. మరోవైపు రెండువేల ఏళ్ళనాటి శాతవాహన సీసపు నాణెం, అరిగిపోయినది, అంగట్లో కొన్ని వందల రూపాయలకే దొరికిపోతుంది. అవి వేలకు వేలు దొరికాయి మరి. ఆ అట్టలకూ నకిలీలు ఉన్నాయి. వాటిని పట్టేది కూడా భూతద్దమే. కొత్త అచ్చుయంత్రం మీద వేసిన నకలులో రంగులు వరుసైన చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తాయి. పాత రాతి అచ్చులో అలా కనిపించవు.

సరే, మీరు నాణేలు పోగుచేయాలనుకుంటున్నారు. డబ్బు పెట్టనక్కరలేదు. ఇప్పుడే జేబులో ఉన్న రూపాయి తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో పుట్టింది. వజ్రపు ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాదులో సైఫాబాద్ టంకశాల 1903లో మొదలైంది. ముద్రణ పని 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022 నుంచి ప్రదర్శనశాల ఉంది.

ఆ తరువాత నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. బీరువా అడుగున, గల్లగురిగిలో, దేవుడి అరలో ఏదో ఒకటి ఉంటుంది. ఆరు పలకల అల్యూమినియం మూడు పైసలు, తామరపువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసలు దొరకవచ్చు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారు అణాలు. ఆ రోజునుంచి నూరు నయా పైసలు. పావలా, అంతకు తక్కువ విలువ గలవన్నీ 2011 జూన్ 30 తరువాత చెల్లకుండా పోయాయి.

మన తెలంగాణ ఇళ్ళలో మరొకటి దొరుకుతుంది: చార్మినారు ఉన్న హాలీ సిక్కా. నిజాము నాణెం. చార్మినారు నడిమి ద్వారంలోకి భూతద్దంతో చూడండి. అందులో ఒక అరబ్బీ అక్షరం దాక్కొని ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్, ‘అయిన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్. దాని మీది సంవత్సరం హిజ్రీ లెక్క. చాంద్రమాన సంవత్సరం పొట్టిది కనుక 0.97తో గుణించి 622 కలపాలి. 1354 అని ఉంటే? చేసి చూడండి, 1935 వస్తుంది.

ఇప్పుడు బడి ప్రయోగశాలకు పదండి. 1947 నాటి పులిబొమ్మ రూపాయిని అయస్కాంతం దగ్గర పెట్టండి, ఠక్కున అంటుకుంటుంది. అది నికెలు. అంతకు పాత వెండి రూపాయి అంటుకోదు. కాని వెండి రూపాయిలలోనూ రెండు రకాలున్నాయి. 1940కి ముందువాటిలో పన్నెండింట పదకొండు వంతులు వెండి. యుద్ధకాలంలో వెండి కరువై సగానికి తగ్గించారు. కంటికి రెండూ ఒకటే. బరువూ ఒకటే, 11.66 గ్రాములు. ఎలా విడదీయాలి?

ఆర్కిమిడీస్ కిరీటం కథ మీకు తెలుసు గదా. అదే పద్ధతి. నాణేన్ని సన్నని దారంతో త్రాసు కొక్కేనికి కట్టి గాలిలో తూచండి. తరువాత బీకరులోని నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి తూచండి. నాణెం బీకరు గోడలకు, అడుగుకు తగలకూడదు, బుడగలు అంటుకోకూడదు. తగ్గిన బరువుతో అసలు బరువును భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. మంచి వెండి రూపాయి నీటిలో సుమారు 1.13 గ్రాములు తగ్గుతుంది, సగం వెండిది 1.22, నికెలుది 1.31. తేడా ఎంత చిన్నదో చూశారా! మిల్లీగ్రాముల తూకపురాళ్ళు లేకుండా ఈ పని జరగదు. అరిగిన నాణేనికి బరువు తగ్గుతుంది కాని సాంద్రత తగ్గదు. ఈ పద్ధతిలోని గొప్ప అదే. పైగా నాణేనికి గీత కూడా పడదు.

నాణేన్ని పాడుచేయడం ఎంత తేలికో నేను ఎనిమిదో తరగతిలో నేర్చుకున్నాను. ఇంట్లో దొరికిన ఒక పాత రాగి బిళ్ళను, చెంబులు తోమినట్టే చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమాను. సంబరంగా తీసుకెళ్ళి మా సైన్సు మాస్టారికి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “దీని మీద ఏం రాసి ఉండేదిరా?” అని మాత్రం అడిగారు. నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియదు.

ఏం జరిగిందంటే, రాగి నేలలోనో గాలిలోనో ఏళ్ళతరబడి ఉంటే పైన ఆకుపచ్చని, గోధుమరంగు పొర ఏర్పడుతుంది. అది చాలావరకు రాగి కార్బనేటు, ఆక్సైడు. అరిగిన అక్షరం కొన్నిసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం పొరను కరిగిస్తుంది, బూడిద మిగిలిందాన్ని గీకేస్తుంది. కనుక తోమకండి. మట్టి ఉంటే మంచినీటిలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, చాలు. అక్షరాలు తెలియకపోతే చీకటి గదిలో టార్చిని నేలబారుగా, పక్కనుంచి వెయ్యండి. మిట్టల నీడలు పడి అక్షరం లేచి వస్తుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతూ మచ్చలు పెరుగుతుంటే మాత్రం అది క్లోరైడు తెగులు. ఆ నాణేన్ని మిగిలినవాటి నుంచి వేరుచేసి పొడిగా ఉంచాలి. మెత్తని పీ.వీ.సీ. సంచులు వద్దు. సీసపు నాణేలను చెక్కపెట్టెలో దాచవద్దు, చెక్కనుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లపొడిగా మారిపోతుంది. సీసం విషం కూడా, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

ఇప్పుడు కొండగట్టు నుంచి గోదావరి వైపు పోదాం. ధర్మపురికి దిగువన, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. అక్కడ మట్టికోట దిబ్బ ఉండేది. వానలు కురిసి మట్టి కొట్టుకుపోతే చేలల్లో, ఒడ్డున నాణేలు బయటపడేవి. చిన్నవి, మసకబారినవి, చూస్తే చెత్త. ఇలాంటివి ఎన్ని ఊళ్ళలో తూకానికి పోయి కరిగిపోయాయో!

కోటిలింగాలలో అలా కాలేదు. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మగారు వాటిని ఓపికగా సేకరించారు. శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు చదివారు. ‘రాణో గోభదస’. ప్రాకృతంలో చివరి ‘స’ మన ‘యొక్క’ లాంటిది, అంటే ‘రాజైన గోభదుని’ నాణెం అన్నమాట. నారన, కంవాయ, సమగోప అనే పేర్లూ వచ్చాయి. ఈ రాజుల పేర్లు పురాణాల పట్టికల్లో లేవు. వాళ్ళు ఉన్నారని మనకు తెలిసింది ఆ లోహపు ముక్కల వల్లనే.

అక్కడే చిముక అన్న పేరుతో నాణేలు దొరికాయి. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే శిముకుడే ఇతడని, కనుక శాతవాహనుల తొలి నెలవు ఈ ప్రాంతమేనని పరబ్రహ్మశాస్త్రిగారు, మరికొందరు వాదించారు. కాదు, ఇతడు అదే పేరుగల తరువాతి రాజని ఇంకొందరు అంటారు. వాదం ఇంకా తేలలేదు. నాకు మొదటి మాటే నచ్చుతుంది. కాని నేను ఈ జిల్లావాణ్ణి, నా మాటను కొంచెం తగ్గించి వినండి.

1979 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ కోటిలింగాలలో తవ్వకాలు జరిపింది. అంతకుముందే పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో శాతవాహన నాణేలతోపాటు వేల విద్ధాంక నాణేలు బయటపడ్డాయి. విద్ధాంక నాణేలంటే వెండి ముక్కల మీద సూర్యుడు మొదలైన గుర్తులు కొట్టినవి. వాటి తూకం 32 గురివింద గింజలు. ఒక గింజ సుమారు 0.11 గ్రాము. లెక్క వేస్తే మూడున్నర గ్రాముల దగ్గరికి వస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న. అదే చిముక నాణెం కోటిలింగాలలో కాక, జాతరలో గుడ్డ మీద దొరికి ఉంటే? అక్షరాలు అవే, లోహం అదే. అయినా శాతవాహనులు మొదట ఎక్కడివారన్న వాదంలో అది నోరు విప్పలేదు. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు గదా! ‘కోటిలింగాల చేలో దొరికింది’ అన్న ఒక్క వాక్యమే దాన్ని సాక్షిని చేసింది.

మీ ఊరి పాటిగడ్డ మీద నాణెం కనిపిస్తే తవ్వకండి. దొరికిన చోటు, తేదీ, ఎంత లోతు, పక్కన పెంకులో ఇటుకలో ఏమైనా ఉన్నాయా, అన్నీ అక్కడే రాసుకోండి. మాస్టారికి, తహసీల్దారుగారికి చెప్పండి. నేలలో దాగి దొరికిన పది రూపాయల కంటె ఎక్కువ విలువ గల నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం.

ఇంట్లో దొరికినదానికైనా ఇదే పద్ధతి. ప్రతి నాణేనికి ఒక కాగితపు కవరు. దాని మీద పెన్సిలుతో ఎక్కడ, ఎప్పుడు, ఎవరిచ్చారు, బరువు, లోహం, అయస్కాంతానికి అంటుకుందా లేదా అన్నవి రాయండి. ‘అమ్మమ్మ ఇచ్చింది, ఆమెకు వాళ్ళ నాన్న ఇచ్చాడు, బీడీల కార్ఖానాలో జీతం’ అని ఉంటే ఇంకా మంచిది.

నా హనుమంతుడి బిళ్ళకూ ఒక కవరు ఉంది. దాని మీద ఇలా రాశాను: ‘కొండగట్టు జాతర, మెట్ల కింద, నేలమీది అంగడి. ఇత్తడి. పోత. అయస్కాంతానికి అంటుకోదు. 1818 అని ఉంది, అబద్ధం. యాభై రూపాయలు.’