సుగ్గికి పోయిన ఇంట్లో గొర్రెలు

నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల్లో వానలు తప్పిన ఏడు ఎన్నో కుటుంబాలు సుగ్గికి, గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్తాయి. ఆ నెలల్లో మన ఆరాధనల్లో చాపలు ఖాళీగా కనిపించేది అందుకే. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, నాలుగు గొర్రెలు, ఒక ఎనుము. ఆసుపత్రి ఖర్చు వచ్చినా, పిల్లల ఫీజు కట్టాలన్నా ముందు అమ్మేది ఆ గొర్రెనే. పేదల బ్యాంకు అదే.

ఆ బ్యాంకును కొద్ది రోజుల్లో ఖాళీ చేసేవి చిటుకు రోగం, పారుడు రోగం. చిటుకు టీకా తొలకరికి ముందే వేయించాలి. పారుడు టీకా ఒకసారి వేయిస్తే దాదాపు 3 ఏళ్లు కాపాడుతుంది.

మనం అంతగా పట్టించుకోనిది మనుషులకు అంటే జబ్బు. ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్, ఉన్న పశువు ఈసుకుపోతే మాయను ఒట్టి చేతులతో తీసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. తర్వాత వచ్చిపోయే జ్వరాన్ని, కీళ్లనొప్పులను వేరే జబ్బనుకుంటారు. చేతులకు తొడుగులు వేసుకోవాలి, మాయను సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి, పాలు కాచే తాగాలి. పచ్చిపాలే బలమన్న మాటను మేము ఒప్పుకోము. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఈ టీకా ఉచితం.

సంచార పశువైద్య వాహనం నంబరు 1962. సుగ్గికి బయలుదేరేవాళ్లు దాన్ని ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో పెట్టి వెళ్లాలి.